కంప్యూటరు లేచేలోగా

అయినా యంత్రమన్నాక కాస్త నెమ్మదిగా లేస్తే తప్పేముంది, మనుషులు మాత్రం కళ్ళు తెరవగానే పరిగెడుతున్నారా అనుకుంటున్నాడు బాజీ. ఇంటి ముందుగదిలో అతను నడిపే ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్లో, ఎదురుగా కౌంటరు మీద పాత దుప్పటి పరిచి, కంప్యూటర్ని బోర్లా పడుకోబెట్టారు. తెరా పెట్టే ఒకటిగా ఉండే రకం అది. వెనక మూత ఊడదీస్తే లోపలంతా దుమ్ము, ఏకి పడేసిన దూదిలా.

"ఇంత దుమ్ములో ఇది ఊపిరెలా పీల్చిందండీ బాబాయిగారూ?" అన్నాడు వెస్లీ, బ్రష్షుతో దులుపుతూ. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. పొద్దున్నే ఏలూరులో రైలెక్కి భీమడోలులో దిగాడు.

"అలవాటు పడిపోయిందిలే. ఇంకోసారి ఆలోచించు బాబూ. పాత ప్రాసెసరే ఉంటే నష్టమేముంది?"

"ఇరమ్ గారు నన్ను బతకనివ్వరండీ. కొత్తది ఆర్డరు పెట్టింది మొదలు ఫోన్లే ఫోన్లు."

ఇరమ్ బాజీ కూతురు. విజయవాడలో ఉద్యోగం. వచ్చినప్పుడల్లా ఈ కంప్యూటరు ముందు కూర్చుని నిట్టూరుస్తుంది. "ఇది ఆన్ అయ్యేలోపు తాడేపల్లిగూడెం వెళ్ళి కూరగాయలు తెచ్చుకోవచ్చు నాన్నా!" అంటుంది. దరఖాస్తులు పెట్టించుకోడానికి వచ్చేవాళ్ళూ గొణుగుతూనే ఉంటారు. వాళ్ళకేం చెబుతాడు? కూతురికి మాత్రం ఏం చెబుతాడు?

పొద్దున్నే షట్టరెత్తి స్విచ్చి వేస్తాడు. అది పూర్తిగా లేచేలోగా సఫియా రెండు గ్లాసుల టీతో వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. తెర మీద తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ వాటినే చూస్తూ మాట్లాడుకుంటారు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు, ఆ చుక్కల్ని చూస్తుంటే వాటంతటవే వస్తాయి. ఎందుకో అతనికీ తెలియదు. కంప్యూటరు లేచిందంటే ఆవిడ లోపలికి, కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇతన్ని జనం చుట్టుముడతారు. ఆ తర్వాత మాటలంటే అన్నం దగ్గర "ఉప్పు సరిపోయిందా?", "సరిపోయింది."

ఇవాళ్టితో ఆ కాసేపూ పోతుంది. అలా అని సఫియాతో అంటే నవ్వుతుందేమో. రోజూ దాన్ని తిట్టేది ఆవిడే. "మీ నవాబుగారికి ఇంకా తెల్లారలేదా?" అంటుంది.

వెస్లీ స్క్రూలు తీసి, సున్నంలా ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, ప్రాసెసర్ని మునివేళ్ళతో పైకి తీశాడు. బాజీ అరచెయ్యి చాపి అందుకున్నాడు. బిస్కెట్టంత కూడా లేదు. ఇన్ని పొద్దులు ఇందులోనా ఇమిడాయి అనిపించింది.

కొత్తది కూర్చుంది. మూత బిగిసింది. స్విచ్చి పడింది. ఆ చప్పుడికే సఫియా టీలు పట్టుకుని వచ్చి, వెస్లీకో గ్లాసిచ్చి, తన స్టూలు మీద కూర్చుంది.

"ఇక చూడండి పిన్నిగారూ, రెప్పపాటులో లేస్తుంది," అన్నాడు వెస్లీ మఫ్లరు సర్దుకుంటూ. బయట మంచు ఇంకా విడలేదు.

తెర మీద చుక్కలు తిరగసాగాయి.

"ఏవండీ, పెళ్ళైన కొత్తలో నన్ను కొల్లేరు తీసుకెళ్ళారు, గుర్తుందా?"

"దోనె గుర్రపుడెక్క మొక్కల్లో ఇరుక్కుపోయింది. గుర్తులేకపోవడమేం?"

"నేను తోస్తానంటూ దిగారు. మొలలోతు బురద. గూడబాతులన్నీ మిమ్మల్నే చూశాయి."

"నా కొత్త చెప్పులు ఇప్పటికీ కొల్లేట్లోనే ఉన్నాయి. అవి పోయినందుకు కాదుగానీ, నువ్వు భయపడి ఏడ్చేశావు చూడు..."

"నేనా? ఎక్కడేడ్చాను!" సఫియా నవ్వింది. "పొద్దుగూకేదాకా అలాగే ఇరుక్కుని ఉంటే బాగుండుననిపించింది నాకు. మీరేమో తెగ కంగారుపడిపోయారు."

బాజీ ఆ మాట ఎన్నడూ వినలేదు. ఆవిడ వైపు తిరగబోయి, మళ్ళీ చుక్కలే చూస్తూ ఉండిపోయాడు. అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"ఇదేంటండీ బాబూ!" వెస్లీ గ్లాసు కింద పెట్టాడు. "కొత్తది వేసినా ఇలాగే ఏడుస్తోంది?"

ఎట్టకేలకు తెర వెలిగింది. వెస్లీ మౌసందుకుని సెట్టింగుల్లోకి దూరాడు. ఒకటి తెరిచాడు, మూశాడు, ఇంకోటి తెరిచాడు. "దొరికిందండీ! అసలు ప్రాసెసరు తప్పే కాదు. పాతదీ నిక్షేపంగా ఉంది. ఎవరో దీని వేగం పావు వంతుకి తగ్గించి పెట్టారు..." అంటూనే నాలిక్కరుచుకున్నాడు. "అయ్యో, ఇది నేను చేసిందేనండీ! అప్పుడు ప్రింటరు చూడ్డానికి వచ్చాను కదా, మీరు నమాజుకి వెళ్ళారు. పిన్నిగారు అడిగారు. మిషను వేడెక్కిపోతోంది బాబూ, బాగా నెమ్మదిగా నడిచేలా పెట్టగలవా అని. ఎండలు తగ్గాక తీసేద్దామనుకుని మర్చేపోయాను."

"వేడెక్కిందా? ఇదా?" బాజీ సఫియా వైపు చూశాడు.

ఆవిడ ఖాళీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, అందులో ఇంకా టీ ఉన్నట్టు చూస్తోంది.

"మరేం ఫర్లేదండీ, ఇప్పుడే నూటికి నూరు చేసేస్తాను. ఒక్క నొక్కు నొక్కితే చాలు," అంటూ వెస్లీ మౌసు మీద వేలు పెట్టాడు.

బాజీ చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ బాబూ. వేడెక్కుతుంది."