ఆగడం తెలియని కణం

"పిల్లకి చెప్పులెందుకు తొడుగుతున్నారు?" అని అడిగింది భార్య.

బస్సు డ్రైవరైన భర్త తలెత్తలేదు. రెండేళ్ల కూతురిని ఆసుపత్రి మంచం అంచున కూర్చోబెట్టి, ఎడమ చెప్పు కుడి కాలికి తొడిగి, మళ్లీ విప్పాడు.

"ఇంటికి పోదాం. సంచి సర్దు."

"రేపు పొద్దున్నే ఆపరేషనండీ."

"అందుకే పోదామంటున్నా."

మధ్యాహ్నం భోజనాల వేళ. నర్సులు పక్క గదిలో ఉన్నారు. అతను పిల్లను భుజాన వేసుకుని వార్డు దాటాడు. భార్య సంచి అక్కడే వదిలేసి వెనకాల పరుగెత్తింది.

ఇదంతా ఒక ఫొటోతో మొదలైంది. డ్రైవరు చెల్లెలు ఫోన్‌లో తీసిన ఫొటోలో అందరి కళ్లూ మామూలుగానే ఉన్నాయి. కూతురు చిట్టి ఎడమ కంట్లో మాత్రం తెల్లటి మెరుపు. 'పిల్లికళ్ల పిల్ల' అని అందరూ నవ్వారు. డ్రైవరూ నవ్వాడు. ఆ రాత్రి భార్య పాత ఫొటోలు తిరగేసింది. మెరుపు వాటిలోనూ ఉంది. వెనక్కి వెళ్లేకొద్దీ చిన్నదవుతూ, ఉంది.

మెట్ల దగ్గర డాక్టరమ్మ ఎదురైంది. పిల్లల క్యాన్సరు చూసే డాక్టరు. యాభై దాటిన మనిషి, నవ్వు ఎరగని ముఖం. "కంట్లో గడ్డ. కన్ను తీసెయ్యాలి" అని నిన్న చెప్పింది ఈమే. పాడైన బల్బు మార్చాలన్నంత తేలిగ్గా చెప్పింది. అప్పటినుంచీ ఆమె పేరెత్తితే అతనికి ఒళ్లు మండుతోంది.

ఆమె ఎడమ పక్కనుంచి తప్పుకుని దిగబోయాడు. ఆమె మెడంతా తిప్పి చూసింది.

"ఎక్కడికి?"

"ఇంటికి."

"నా గదిలో కాసేపు కూర్చుని వెళ్లండి. మిమ్మల్ని ఆపను."

ఆపనన్నందుకే ఆగాడు.

గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూలన చేతులు కడుక్కునే తొట్టి. చిట్టి తల్లి ఒళ్లోకి పాకి, కొంగు నోట్లో పెట్టుకుంది.

"మీరు బస్సు నడుపుతారు కదా" అంది డాక్టరమ్మ. "ఒంట్లో ప్రతి కణానికీ పెరగడమే కాదు, ఆగడం కూడా తెలియాలి. గాయం మానాక చర్మం ఇంకా ఇంకా పెరగదు కదా. బాగుచేసుకోలేనంత చెడిపోయిన కణం తనంతట తను చచ్చిపోవాలి కూడా."

"చావడం కూడానా?" అంది భార్య.

"అదీ ఒక పనే. అది జరక్కపోతేనే ప్రమాదం. ఇలాంటి కణంలో ఆపే బ్రేకులు రెండుంటాయనుకోండి. ఒకటి పోయినా రెండోది కాస్తుంది. రెండూ పోతే?"

డ్రైవరు జవాబు చెప్పకూడదనుకున్నాడు. కానీ వాలు రోడ్డు, నిండు బస్సు కళ్లముందు కదిలాయి.

"ఆగదు" అన్నాడు.

"పాప కంట్లో ఒక్క కణానికి రెండూ పోయాయి. అది రెండైంది, రెండు నాలుగయ్యాయి. ఆగడం లేదు, చావడం లేదు. మీరు చూసిన తెల్లటి మెరుపు అదే."

"మావల్ల ఏమైనా..." అంది భార్య. "కడుపుతో ఉన్నప్పుడు నేనేదైనా..."

"లేదమ్మా. కణం రెండుగా చీలేటప్పుడు ఎక్కడో పొరపాటు జరిగింది. అది ఎవరి తప్పూ కాదు."

"మందులతో కరిగించండి" అన్నాడు డ్రైవరు. "ఎంత దూరమైనా తీసుకెళ్తా. కన్ను మాత్రం ముట్టుకోకండి."

"ఈ కంటికి ఆ దశ దాటిపోయింది. కంటి వెనక నరం ఉంది. అది నేరుగా మెదడులోకి దారి. గడ్డ ఇంకా కంట్లోనే ఉంది. ఆ దారి ఎక్కిందంటే నేను చెయ్యగలిగింది తక్కువ."

"చూపున్న కన్ను తీసేస్తారా?"

డాక్టరమ్మ మెల్లగా అంది. "పాప కుడి కన్ను మీ చేత్తో మూయండి."

అతను మూశాడు. రెండో చేత్తో జేబులోంచి తాళాలు తీశాడు. ఇంట్లో ఆ తాళాలు కనిపిస్తే చాలు, చిట్టి ఎగిరి లాక్కునేది. చప్పుడు కాకుండా ఎడమ కన్ను ముందు పట్టుకున్నాడు. చిట్టి చెయ్యి చాపలేదు. ఇంకా దగ్గరికి తెచ్చాడు. పిల్ల పెదవి విరిచి, చీకట్లో తడుముకున్నట్టు అటూ ఇటూ తల తిప్పి, "నాన్నా" అని ఏడ్చింది. నాన్న ఎదురుగానే ఉన్నాడు.

అతను చెయ్యి తీసేశాడు. ఇన్నాళ్లూ ఆ కంటికి ముద్దుపెట్టి పనికి వెళ్లేవాడు.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రాణం దక్కుతుందా?" అంది.

"ఇప్పుడైతే చాలావరకు దక్కుతుంది. ఆలస్యమైతే చెప్పలేను."

డ్రైవరు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"కళ్లతో బతికేవాణ్ణి మేడమ్. చూపు మందగించిందని మావాణ్ణొకణ్ణి బండి దింపేశారు. మనిషి సగమైపోయాడు. రేపు దీన్ని బళ్లో ఒంటికన్ను అంటారు. ఏ పనీ ఇవ్వరు. పెద్దయ్యాక అద్దం ముందు నిలబడి, దీనికి ఒప్పుకుంది నువ్వేనా నాన్నా అని అడుగుతుంది. అప్పుడు నేనేం చెప్పాలి?" అతని గొంతు పెరిగింది. "మీరు రోజుకో పిల్లకి చెప్పి చేతులు కడుక్కుంటారు. అలా బతకడం ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

భార్య అతని చెయ్యి పట్టుకుని లాగింది. డాక్టరమ్మకు కోపం రాలేదు. లేచి మూలకు వెళ్లి చేతులు కడుక్కుంది. తుడుచుకుని, కుర్చీ జరుపుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి చాపండి" అంది.

అతను అర్థంకాక చాపాడు.

ఆమె తన ఎడమ కన్ను తీసి అతని అరచేతిలో పెట్టింది.