దొంగ కణం

కడప నేల కింద కణాలను ఢీకొట్టించే కొలైడర్ తిరగడం మొదలయ్యాక, ఇంటింటా వంట మధ్యలో కొత్త కణం కోసం దాని బొమ్మలొచ్చే తెర చూడటం మామూలైంది. చూసేవాళ్లు ఏమరకుండా కొలైడర్ ఆఫీసు అప్పుడప్పుడూ ఆ బొమ్మల్లో ఒక దొంగ కణాన్ని కలిపేది. కలిపే ఉద్యోగం మేదిని ఒక్కదానిదే. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పకూడదు.

దోసె మాడుతున్నా పట్టించుకోకుండా ఆమె భర్త చెన్నకేశవ అరిచాడు. "దొరికిందే! కొత్త కణం!"

"పోయినసారీ ఇట్లే అంటివి. వీధంతా జిలేబీలు పంచినాక దొంగదని తేలె. నగుబాటైతిమి" అంది అతని తల్లి ఓబుళమ్మ.

"ఈసారి నిజమేమా! మేదినీ, నువ్వన్నా నమ్ముతావా?"

మేదిని తెరను రెండుసార్లు చూసింది. పొయ్యి ఆపి, చేతిసంచి అందుకుంది.

"ఈసారి జిలేబీలు నేను తెస్తా" అంది.

ఈ నెల ఆమె ఇంకా ఏదీ కలపలేదు.