ఉంచుకునే బండికి

“ఇది డూప్లికేట్ కాదు కదా?” ఛాయాదేవి ఆక్సిజన్ సెన్సార్ డబ్బాను తిప్పి తిప్పి చూసింది.

నగర్తపేటలో కార్ల విడిభాగాలమ్మే మునిరాజు నొచ్చుకున్నాడు. “మా అంగట్లో అట్లాంటివి పెట్టమమ్మా. అది కంపెనీది, చానా దినాలు వస్తాది. ఈ రెండోది తక్కువలో ఉండాది.”

ఖరీదైనది అంటగట్టాలని చూస్తున్నాడు, అనుకుంది ఛాయ. పెళ్ళికి ముందే తన జీతంతో కొనుక్కున్న కారు బయట ఎండలో ఉంది. సెన్సార్ పాడై, దాని ఇంజిన్ హెచ్చరిక లైటు వారంగా ఆరడం లేదు.

“ఏది తీసుకుందాం?” భర్తను అడిగింది.

“చవకది చాలు ఛాయా. పాత కారేగా!” ఓంకార్ అప్పటికే రెండో డబ్బా మీద చెయ్యి వేశాడు.

“బండి ఉంచుకుంటారా సార్, అమ్మేస్తారా?” అన్నాడు మునిరాజు. “అమ్మేదానికైతే ఇది చాలు, లైటు ఆరిపోతాది. ఉంచుకునేదానికైతే నేను ఇయ్యను.”

ఓంకార్ ఆ డబ్బా మీంచి చెయ్యి తియ్యలేదు.

ఛాయ డబ్బాను తిప్పి చూడటం మానేసింది. మొన్న ఆదివారం, ఎన్నడూ లేనిది, ఓంకార్ కారు కడిగాడు. ఇన్సూరెన్స్ కోసమంటూ ఫోటోలు తీశాడు.

“ఇన్సూరెన్స్‌కి సీట్ల ఫోటోలెందుకు ఓంకార్?”

“అదీ... జస్ట్, రేటెంతొస్తుందో చూద్దామని...”

ఆమె కంపెనీ డబ్బాను మునిరాజు ముందు పెట్టింది. “ఇదే ఇవ్వండి.”

తర్వాత భర్త ముందు చెయ్యి చాచింది.

“తాళాలు.”