పురుగు విశ్లేషణ

"ఇంకొక్క తప్పు. ఒక్కటంటే ఒక్కటి దొర్లిందా, మీ కుర్చీ తీసుకెళ్ళి బైండింగు గదిలో వేయిస్తా," అంది లైబ్రరీ పెద్ద మేడం.

విశ్లేషణ గారు కూర్చున్న కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన అసలు పేరు ఏమిటో లైబ్రరీలో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకం దేని గురించో తేల్చి, వీపు మీద నంబరు వేసి, ఏ బీరువాలోకి పోవాలో చెప్పడం ఆయన పని. పాతికేళ్ళ నుంచీ అదే పని. "అంతా చదివి తేల్చేవాడు పాఠకుడు. చదవకుండా తేల్చేవాడు విశ్లేషకుడు," అంటాడు కాలరెగరేసి.

మొన్న తేల్చిందే కాస్త తేడా కొట్టింది. 'అరిగిన ఇరుసు' అనే నవలని తీసుకెళ్ళి బండి రిపేర్ల బీరువాలో పెట్టాడు. ఓ మెకానిక్కు దాన్ని పట్టుకెళ్ళి వారం తర్వాత తెచ్చిచ్చాడు.

"బండి బాగవలేదు గానీ మేడం, నేనూ మా ఆవిడా రెండుసార్లు ఏడ్చాం," అన్నాడు.

మేడంకి తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"పేరు చూసి బోల్తా పడ్డాను మేడం. ఇకనుంచి విషయసూచిక కూడా చూస్తా," అన్నాడు విశ్లేషణ గారు.

"లోపల చదవరా?"

"ఛఛ! విశ్లేషణంటే అది కాదు మేడం."

ఆ మర్నాడే ఓ పుస్తకం వచ్చి ఆయన బల్ల మీద పడింది. పేరు 'మా ఇంటి పురుగు'. రాసింది 'ఓ ఇల్లాలు'.

విశ్లేషణ గారు కళ్ళద్దాలు తుడుచుకుని విషయసూచిక తీశాడు. కాగితమే దాని లోకం. కదలదు, మెదలదు. దులిపినా పోదు. ఇరవయ్యేళ్ళ నా అనుభవం. వదిలించుకునే మార్గాలు.

"దొరికింది!" అని గబగబా చీటీ రాసేశాడు. విషయం: పురుగులు. రకం: కాగితం తినేది. ఉండే చోటు: ఇల్లు. ప్రయోజనం: నివారణ.

"బాబాయ్ గారూ, మీకు పుణ్యముంటుంది, ఒక్క పేజీ తిప్పి చూడండి," అంది కౌంటరు దగ్గరమ్మాయి.

"నువ్వూరుకోవే. దీనికి తిరుగు లేదు."

చీటీ చూసి మేడం మొహం వెలిగింది. ఈ మధ్య ఏ బీరువా తలుపు తీసినా జలజలా కాగితాల పొడి రాలుతోంది మరి.

"ఈవిణ్ణి పిలిపిద్దాం. పురుగుల సంగతి మనవాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతుంది. నంబరు సరైందేనని ఆవిడ నోటితో అంటే మీ కుర్చీ పదిలం. లేదంటే బైండింగే."

అచ్చేసినవాళ్ళకి మేడమే ఫోన్ చేసింది. శనివారం మధ్యాహ్నం వస్తానని కబురొచ్చింది.

శనివారం హాలు కిటకిటలాడింది. విశ్లేషణ గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. ఒళ్ళో ఇంకో కొత్త పుస్తకం. రచయిత్రి స్టేజీ ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టాడు, విషయసూచిక లోంచి తలెత్తకుండానే.

మేడం మైకందుకుంది. "అమ్మా, మా విశ్లేషణ గారు మీ పుస్తకాన్ని పురుగుమందుల పక్కన పెట్టారు. సరైన చోటేనా?"

రచయిత్రి మైకు దగ్గరికి జరిగింది.

"అంతకన్నా సరైన చోటు లేదండీ."

విశ్లేషణ గారి గుండెల మీంచి బండ దిగింది. హమ్మయ్య, కుర్చీ దక్కింది! హాయిగా ఇంకో పేజీ తిప్పాడు.

"ఇంతకీ ఆ పురుగు ఎలా ఉంటుందో మావాళ్ళకి కాస్త చెబుతారా?" అడిగింది మేడం.

"చెప్పడమెందుకండీ, చూపిస్తాను," అంటూ ఆవిడ ముందు వరసకేసి తిరిగి, "ఏవండీ, ఆ పుస్తకం పక్కనబెట్టి ఒక్కసారి లేచి నిలబడండి," అంది.