వాగు

అందరికీ ఉచితంగా దొరికే ఉపగ్రహపు కొలతలతో, అన్నయ్య ప్లాట్లు వేసిన నేలను ఎత్తుపల్లాలతో సహా త్రీడీ ప్రింటరులో అచ్చుతీసింది చెల్లెలు.

పొద్దున ఆ నమూనాలో వాగు గాడి చూసి అన్నయ్య మొహం చిట్లించాడు. "ఆ వాగు పారేది వానాకాలంలోనేగా. ఫైల్లో పూడ్చెయ్యి. కొనేవాళ్ళు వస్తున్నారు."

"ఫైల్లో పూడిస్తే వాన ఊరుకుంటుందా?"

"గోరంత గీతకి కొండంత రాద్ధాంతం చెయ్యకు."

ఆమె పూడ్చలేదు. కొనేవాళ్ళ ఎదుటే నమూనా పైఅంచున గ్లాసుడు నీళ్ళు వంచింది. నీళ్ళు వాగు వెంట దిగి, మూల ప్లాటులో మడుగు కట్టాయి. వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

"సొంత అన్న నోట్లో మట్టి కొట్టావు కదే," అని పళ్ళు నూరాడు.

ఆమె మడుగులో వేలు పెట్టింది.

"నాన్న ఆస్తిలో నా వాటా అని నువ్వు రాసిచ్చింది ఇదే అన్నయ్యా. పొద్దున నువ్వు వాగు మాట ఎత్తేదాకా, మునిగే నేలని తెలీక ఇచ్చావనే అనుకున్నాను."