ఎడమ భుజం

“ఊపిరి వదులు అల్లుడా. పొట్ట లోపలికి పీల్చుకొని కొలతలిస్తే, పెళ్ళిచూపుల్లో మైసూరుపాకు తినంగానే గుండీ ఎగిరిపోతాది.”

యశ్వంత్ నవ్వి ఊపిరి వదిలాడు. ఏబేలు టేపు రెండంగుళాలు సడలించాడు.

మార్కాపురంలో కోటు కుదరాలంటే ఏబేలు దుకాణానికే పోవాలని పేరు. దుకాణమంటే ముందు ఒక కౌంటరు, వెనక ఒక కర్టెను, ఆ కర్టెను అవతల గదిలో మిషను. కొలతలు తీసుకోవడం, గుడ్డ కత్తిరించడం ఏబేలు పని. కుట్టేది మాత్రం లోపల కూర్చునే కోటు మాస్టరు. ఆ మాస్టరంటే ఏబేలుక్కూడా కాస్త భయమే.

“నల్ల గుడ్డ చూడు మామా,” అన్నాడు యశ్వంత్.

“నల్ల కోటేసుకుంటే ప్లీడరనుకుంటారు. పలక రంగు తీసుకో. నీ ఒంటికి అదే నప్పుతాది.”

పలకల షెడ్డు నడిపేవాడికి పలక రంగంటే మొహం మొత్తి ఉంటుంది. అయినా యశ్వంత్ సరేనన్నాడు.

“కోటుకు భుజమే ప్రాణం,” అంటూ ఏబేలు వెనక్కి వచ్చాడు. “ఎముక అయిపోయిన చోటే కుట్టు ఆగాల. చేతుల దగ్గర చొక్కా అరంగుళం కనపడాల. ఈ రెండూ కుదిరితే ఎట్లాంటోడైనా పెళ్ళికొడుకే.” టేపు భుజాల మీద పరిచి ఆగిపోయాడు. “ఏంది, ఎడమది అంగుళం దిగినాదే?”

యశ్వంత్ వచ్చిందే అందుకు. ఇంటర్ చదివే రోజుల నుంచి నాయన షెడ్డులో పలకల పెట్టెలు ఆ భుజం మీదే మోశాడు. అది దిగింది, మళ్ళీ లేవలేదు. నడుస్తుంటే ఒక పక్కకు వాలినట్టు ఉంటాడు. ఇప్పటికి రెండు సంబంధాలు చూశాడు. రెండుచోట్లా గేటు నుంచి వరండా దాకా నడిచేలోపే ఆడపెళ్ళివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకచోట పక్షవాతమేమైనా వచ్చి తగ్గిందా అని ఆరా కూడా తీశారు. ఆ మాటకు వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఈ మూడోది కూడా పోతే ఇక పెళ్ళి ఊసే ఎత్తొద్దని ఆమెకు చెప్పేశాడు.

“ఎడమ పక్క రెండు ప్యాడ్లు పెట్టు మామా. రెండు భుజాలూ సమానంగా కనపడాల. వచ్చే ఆదివారం తర్లుపాడులో చూపులు.”

లోపల మిషను చప్పుడు ఆగింది. దారం తెగినట్టుంది.

ఏబేలు కర్టెను పక్కకు జరిపి లోపలికి పోయాడు. కాసేపటికి తల గోక్కుంటూ వచ్చాడు.

“మా కోటు మాస్టరు ఒప్పుకోవడంలేదు. ఒక ప్యాడు చాలంటున్నారు. మరీ సమానం చేస్తే మనిషి కొయ్యబొమ్మలా ఉంటాడంట.”

“ఉండనియ్. రెండు పెట్టమను.”

గురువారం ట్రయల్. తెల్లదారం కచ్చాకుట్ల మీద ఉన్న కోటు వేసుకొని అద్దం ముందు నిలబడితే యశ్వంత్‌కు తనెవరో తనకే తెలియలేదు. రెండు భుజాలూ ఒక్క వరసలో ఉన్నాయి. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. కడుపు నిండిపోయింది.

“ఒక మాట అడగమన్నారు మాస్టరు,” అన్నాడు ఏబేలు ఇబ్బందిగా. “పెళ్ళయినాక ఇంట్లో కూడా కోటేసుకొనే తిరుగుతాడా అని.”

యశ్వంత్‌కు చురుక్కుమంది. కర్టెను వైపు తిరిగి కాస్త గట్టిగానే అన్నాడు.

“దాచిపెట్టి చేసుకోవాలని లేదు మాస్టరూ. అమ్మాయికి నేనే చెప్తా. కానీ చెప్పాలంటే ముందు గేటు దాటి కుర్చీలో కూర్చోవాల గదా? ఇంతకుముందు నన్ను కూర్చోనీలేదు. నడక చూసే లెక్కగట్టేసినారు.”

 లోపల ఆగి ఉన్న మిషను మళ్ళీ మొదలైంది.

ఆదివారం తర్లుపాడులో కారు దిగి గేటు నుంచి వరండా దాకా నడిచాడు యశ్వంత్. ఎవరూ మొహాలు చూసుకోలేదు. పైగా ఎవరో ముసలాయన, “దొరబాబులా ఉన్నాడే,” అన్నాడు. కూర్చునేటప్పుడు గుండీ తీయాలని ఏబేలు చెప్పింది గుర్తుపెట్టుకొని తీశాడు. మైసూరుపాకు రెండు ముక్కలు తిన్నాడు. వాళ్ళమ్మ మొహం వెలిగిపోతోంది.

అమ్మాయి ప్రసన్న. ఫోటోలో కంటే బాగుంది. పెద్దవాళ్ళు ఇద్దర్నీ మేడ మీద కాసేపు మాట్లాడుకోమన్నారు.

మిట్టమధ్యాహ్నం. కోటులో యశ్వంత్ ఉడికిపోతున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి.

“మీరు ఫ్యాషన్ డిజైనింగ్ కంపెనీలో చేస్తారంట గదా. మధ్యవర్తి ఓబులేసన్న చెప్పినాడు.”

“అట్ల చెప్పినాడా?” ఆమె నవ్వు ఆపుకుంది. “మీకు పలకల ఫ్యాక్టరీ ఉందని మాకూ చెప్పినాడు.”

“ఫ్యాక్టరీ కాదండి, షెడ్డు. రెండు మిషన్లు.” అనేశాక గుండె తేలికైంది. మిగతాది కూడా ఇప్పుడే అనాలి. కింద అమ్మ మొహం గుర్తొచ్చింది. అయినా కోటు విప్పేశాడు. పలచటి చొక్కాలో ఎడమ భుజం ఎక్కడ దిగాలో అక్కడికి దిగింది.

“ఇదండీ నేను. పెట్టెలు మోసి ఇట్లయింది. జబ్బేమీ కాదు. కోటులో ప్యాడ్లు పెట్టించి దాచినా. మీకు చెప్పకుండా పోబుద్ధి కాలేదు. వద్దనుకుంటే కిందికి పోయి చెప్పండి, నేనేమీ అనుకోను.”

ప్రసన్న కోటు అందుకుంది. రెండు భుజాలూ లోపలికి మడిచి, ముడత పడకుండా పిట్టగోడ మీద వేసింది. తర్వాత అతని భుజం వైపు ఒకసారి, కళ్ళలోకి ఒకసారి చూసింది.

“రిసెప్షన్ నాటికి ఆ రెండో ప్యాడు విప్పేస్తాలెండి, ఏబేలు మామ దగ్గర కోటు మాస్టరును నేనే.”