పోటీ పార్టీ

"సాయంత్రంలోగా అడ్వాన్సు తేకపోతే ఆ ఫ్లాటూ, ఇక్కడ నీ కుర్చీ రెండూ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను," అన్నాడు ఫోనులో ఆఫీసు యజమాని.

"తెస్తాను సార్. అందాకా నా కుర్చీ జోలికి ఎవర్నీ రానివ్వకండి," అని ఫోను పెట్టేసింది ఏజెంటమ్మ.

అనడమైతే అనేసింది గానీ తెచ్చే దారే తోచడం లేదు. ఇల్లు కొనే నాథుడే కనపడటం లేదు. ఆఫీసులో సగంమంది అప్పుడే ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకోవడానికి పోయారు. ఈ ఒంటి పడగ్గది ఫ్లాటునైతే చూసినవాళ్ళు చూసినట్టే మెట్లు దిగిపోతున్నారు. ఇది అమ్ముడుపోకపోతే ఆమె ఉద్యోగం పోయినట్టే. ఉద్యోగం పోయిందంటే, ఇంట్లో మామగారు పేపరు పక్కకు జరిపి, "ఆడవాళ్ళకెందుకీ బేరాలని నేనప్పుడే చెప్పానా?" అని ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు చూడటం కంటే గోడకేసి తల బాదుకోవడం నయం.

కాసేపట్లో టేపు బాబాయ్ వస్తాడు. ఆయనకా పేరు పెట్టింది ఈవిడే. వచ్చినప్పుడల్లా గోడలన్నీ టేపుతో కొలిచి, "ఇంకాస్త తగ్గించండమ్మా," అని వెళ్ళిపోతాడు. తగ్గిస్తే మళ్ళీ వచ్చి కొలుస్తాడు.

ఇలాంటివాళ్ళకి ఈ వృత్తిలో ఒక పాత మందుంది. దాని పేరు పోటీ పార్టీ. మన మనిషినే కొనేవాళ్ళలా అదే వేళకి రప్పించి, 'నేను తీసుకుంటున్నాను' అనిపించాలి. అసలు పార్టీ కంగారుపడి దారికొస్తుంది. చేసేది మోసమేనని ఏజెంటమ్మకి తెలుసు, కానీ టేపు బాబాయ్ మీద ఒళ్ళు మండిపోతోంది. పిలిస్తే వచ్చే మనిషి మాత్రం ఒక్క అత్తగారే దొరికింది. ఇల్లు చూడండి, బాగుందనండి, తీసుకుంటాననండి, నేను సైగ చెయ్యగానే వెళ్ళిపోండి అని ఆవిడకి నాలుగైదుసార్లు చెప్పి పెట్టింది.

టేపు బాబాయ్ హాలు కొలుస్తుండగా అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ముక్కూమొహం తెలియనట్టు, "ఏమ్మా, అమ్మకానికున్న ఇల్లు ఇదేనా?" అంది.

"ఇదే మేడమ్, రండి," అంది ఏజెంటమ్మ నవ్వాపుకుంటూ.

అత్తగారు కుళాయిలన్నీ తిప్పి చూసింది. వంటింటి గట్టు మీద అరచెయ్యి వేసి రాసింది. పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక, "గడియ గట్టిదే. లోపలుంటే హాల్లో మాట ఒక్కటీ వినపడటం లేదు. నాకు నచ్చింది," అంది. చెప్పినదానికి రెండింతలు చేస్తోందే అని ఏజెంటమ్మ మురిసిపోయింది.

"ఈ అగ్గిపెట్టెలో ఏం నచ్చిందండీ మీకు?" అన్నాడు టేపు బాబాయ్ విసుగ్గా. "అయినా నేను ముందొచ్చాను."

"అయితే కొలతలు మీరు తీసుకోండి బాబూ, ఇల్లు నేను తీసుకుంటాను."

టేపు సర్రున చుట్టుకుపోయింది. బాబాయ్ మొహంలో రంగు మారింది. "ఉండండమ్మా. చెప్పిన ధరకే నేను తీసుకుంటాను. అడ్వాన్సు ఇప్పుడే ఇస్తాను," అంటూ జేబులోంచి చెక్కుబుక్కు తీశాడు.

ఏజెంటమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇక వెళ్ళమని అత్తగారికి కళ్ళతో సైగ చేసింది. ఆవిడ కదల్లేదు. ఏజెంటమ్మ దగ్గింది. అయినా కదల్లేదు. ఇక ఆవిడ చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయింది.

"అత్తయ్యా, అయిపోయింది. ఆయన ఒప్పుకున్నాడు. మీరింక బయల్దేరండి."

"నేనెందుకు బయల్దేరాలి? ఆయన్నే పంపించు."

"పరాచికాలకి వేళా ఇది? నా ఉద్యోగం అత్తయ్యా."

"నీ ఉద్యోగానికేం కాదు," అని అత్తగారు చెయ్యి విడిపించుకుని హాల్లోకి నడిచింది. "చూడండి బాబూ, ఈ ఇల్లు నాది. మీరింకోటి కొలుచుకోండి."

టేపు బాబాయ్ ఒకసారి ఈవిడనీ ఒకసారి ఆవిడనీ చూశాడు. "ఇద్దరూ కూడబలుక్కుని ఆడుతున్నారా నాతో? మీ ఇల్లూ వద్దు, మీరూ వద్దు," అని దడదడా మెట్లు దిగిపోయాడు.

ఏజెంటమ్మ గోడకి జారగిలబడిపోయింది. "చేతికందినదాన్ని కాలదన్నారు కదత్తయ్యా. రేపట్నుంచి నేనింట్లోనే. మీకు సంతోషమేనా?"

అత్తగారు తొణకలేదు. సంచీలోంచి ఒక చెక్కు తీసి కోడలి చేతిలో పెట్టింది. సంతకం అప్పటికే చేసి ఉంది.

"చెప్పిన ధరే వేసుకో. బేరమాడను. ముందు మీ యజమానికి ఫోన్ చేసి, కుర్చీ తుడిచి పెట్టమను."

ఏజెంటమ్మ చెక్కునీ అత్తగారినీ మార్చి మార్చి చూసింది. "ఇంత డబ్బు మీకెక్కడిది?"

"జీతమంతా ప్రతినెలా మీ మామయ్య చేతిలోనే పోశాను. రిటైరైనప్పుడు వచ్చింది మాత్రం పొయ్యలేదు. బాంకులో నా పేరునే ఉంచాను. ఏం, తప్పా?"

"తప్పని నేనన్నానా?" ఏజెంటమ్మకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "అయితే అద్దెకిస్తారన్నమాట."

"అద్దెకెందుకు? నేనే ఉంటాను."

"ఉండటమేంటత్తయ్యా, ఇద్దరికి ఈ ఇల్లెలా సరిపోతుంది?"

"సరిపోదనేగా కొన్నాను," అంది అత్తగారు చీరకొంగుతో కిటికీ దుమ్ము దులుపుతూ. "మీ మామయ్యకి చూడాలనిపిస్తే నీకు ఫోన్ చెయ్యమను, పార్టీని తెచ్చినట్టు తెచ్చి, చూపించి, తీసుకెళ్ళిపో."